చదరంగం ఎప్పటికైనా పూర్తిగా తేలిపోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఆదివారాలు పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. పిల్లలు గుర్రం ఎలా దూకుతుందో, బంటు మంత్రి ఎప్పుడవుతుందో అడుగుతారు. వాళ్ళను దింపడానికి వచ్చిన పెద్దలు మాత్రం అరుగు మీద చేరి ఒకటే అడుగుతారు: ఈ ఆటను కంప్యూటర్ మొత్తం తేల్చేసిందట కదా మాస్టారూ, అని. ఒకరికి చెప్పి ముగించేలోపు ఇంకొకరు వచ్చి మొదటి నుంచి మొదలుపెడతారు. అందుకని వాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు రాసి, కింద జవాబులు పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు. మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి.

మా వైపు కొందరు శకటును ఒంటె అంటారు. ఇక్కడ శకటు అనే రాశాను, కోప్పడకండి.

## అసలు మాట దగ్గరే వచ్చే సందేహాలు

ఆటను తేల్చడం అంటే ఏమిటండీ?

రెండు వైపులా ఒక్క పొరపాటు కూడా లేకుండా ఆడితే ఆట ఎలా ముగుస్తుందో నిరూపించడం. నిరూపించడం అన్న మాట మీదే నా పట్టంతా. బలమైన యంత్రం బల్లను చూసి తెల్లవైపు కాస్త మెరుగ్గా ఉందంటే అది అభిప్రాయం. ఎదుటివాడు వేయగల ప్రతి ఎత్తుకూ పైఎత్తు ఇదిగో అని ఒక్కటీ వదలకుండా చూపిస్తే అది రుజువు.

పలక మీద గీసుకునే ఇంటూ-సున్నా ఆటనే తీసుకోండి. తొమ్మిది గళ్ళలో రాగల స్థితులు మొత్తం 5,478. తెలివైన పిల్ల నాలుగు రోజులు ఆడితే కిటుకంతా పట్టేస్తుంది. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఓడించలేరు, తనలాంటి వాళ్ళను ఆమె కూడా ఓడించలేదు. అది తేలిన ఆట.

తేల్చడంలో కూడా రకాలున్నాయంటారు, నిజమేనా?

నిజమే, మూడు రకాలు. విక్టర్ ఆలిస్ అనే డచ్ పరిశోధకుడు 1994లో తన పరిశోధన గ్రంథంలో ఈ విభజన స్పష్టంగా చెప్పాడు.

మొదటి రకంలో ఫలితం ఒక్కటే తెలుస్తుంది. హెక్స్ అనే ఆటలో మొదట ఆడేవాడికి గెలుపు ఖాయమని జాన్ నాష్ నిరూపించాడు. ఎలా ఆడి గెలవాలో మాత్రం ఆ రుజువు చెప్పదు. పెళ్ళి ఖాయమని చెప్పి, సంబంధం ఏ ఊళ్ళో ఉందో చెప్పని జ్యోతిష్కుడి లాంటిది. రెండో రకంలో, ఆట మొదలైన దగ్గర నుంచి తప్పు లేకుండా ఎలా ఆడాలో చేతికి వస్తుంది. మూడోది అన్నిటికన్నా కష్టం. బల్ల మీద పావులు ఎంత వింతగా ఉన్నా, ఆ స్థితి నుంచి సరైన ఫలితమేమిటో చెప్పగలగాలి.

అరుగు మీద జరిగే వాదాల్లో సగం, ఒకాయన రెండో రకం గురించి, ఇంకొకాయన మూడో రకం గురించి మాట్లాడుకోవడం వల్ల వచ్చేవే.

కంప్యూటర్ ప్రపంచ చాంపియన్‌నే ఓడించింది కదా, ఇక తేలిపోయినట్టే కదా?

కాదు. 1997 మే నెలలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ యంత్రం గ్యారీ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించింది. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు చూసేదది. కానీ మనిషిని గెలవడానికి మనిషి కంటే తక్కువ తప్పులు చేస్తే చాలు, అసలు తప్పే చేయకూడదన్న నియమం లేదు.

ఆ యంత్రాలూ తప్పులు చేస్తాయనడానికి చక్కని ఉదాహరణ ఉంది. 2017లో ఆల్ఫాజీరో అనే చదరంగం ప్రోగ్రామ్, అప్పటికి మహా బలమైన స్టాక్‌ఫిష్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో 100 ఆటలు ఆడింది. 72 డ్రా. మిగతా 28 ఆల్ఫాజీరోవే: తెల్ల పావులతో 25, నల్ల పావులతో 3. ఇప్పుడు ఆలోచించండి. చదరంగంలో నిజమైన ఫలితం తెల్లదానికి గెలుపే అనుకుంటే, స్టాక్‌ఫిష్ తెల్ల పావులతో ఓడిన మూడు ఆటల్లో తప్పు చేసినట్టు. నల్లదానికి గెలుపనుకుంటే నల్ల పావులతో ఓడిన 25 ఆటల్లో తప్పు చేసినట్టు. డ్రా అనుకుంటే 28 ఆటల్లోనూ తప్పు చేసినట్టే. ఎటు తిప్పినా అది ఆటను తేల్చిన యంత్రం కాదు.

అసలు ఇది తేలే ఆటేనని ఎవరు చెప్పారు?

1913లో జర్మన్ గణితవేత్త ఎర్నెస్ట్ జెర్మెలో. చదరంగంలో పాచికలు లేవు, పేకాటలోలా దాచిన ముక్కలు లేవు, అంతా ఇద్దరి కళ్ళ ముందే ఉంటుంది. అలాంటి ఆటలో మూడింట్లో ఒకటి నిజమై తీరాలి: తెల్లవాడు బలవంతంగా గెలవగలడు, లేదా నల్లవాడు గెలవగలడు, లేదా ఇద్దరిలో ఎవరైనా కనీసం డ్రా దక్కించుకోగలరు. కాబట్టి జవాబు ఇప్పటికే ఉంది. మనం దాన్ని కొత్తగా తయారుచేయనక్కర్లేదు, వెతికితే చాలు. ఆ వెతకడమే పెద్ద చిక్కు.

## లెక్కల దాకా వచ్చినవారు అడిగేవి

ఎన్ని ఎత్తులు ఉంటాయని ఇంత భయపెడతారు?

తెల్లవాడి మొదటి ఎత్తుకు 20 దారులు. నల్లవాడి జవాబుకూ 20. అప్పటికే 400. తెల్లవాడు రెండో ఎత్తు వేసేసరికి 8,902. నల్లవాడి రెండో ఎత్తుతో 1,97,281. ఇద్దరూ మూడేసి ఎత్తులు వేసేసరికి 11,90,60,324. ఇంకా ఎవరి టీ చల్లారలేదు, ఎవరూ రాజును కోటలో కూడా పెట్టలేదు.

ధవళేశ్వరం దాటాక గోదావరి ఏడు పాయలైందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఈ ఆటలో ప్రతి ఎత్తు దగ్గరా సగటున ముప్ఫైకి పైగా పాయలు. ఒక్కో పాయా మళ్ళీ ముప్ఫైగా చీలుతుంది.

ఒకచోట 120 సున్నాలంటారు, ఇంకోచోట 44 అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, లెక్కపెట్టింది వేర్వేరు వాటిని. 1950లో క్లాడ్ షానన్ వేసిన అంచనా 1 పక్కన 120 సున్నాలు. అది సాధ్యమయ్యే ఆటల సంఖ్య, అంటే దారుల లెక్క. రెండోది బల్ల మీద నియమం ప్రకారం రాగల స్థితుల సంఖ్య, అంటే ఊళ్ళ లెక్క.

రాజమండ్రి నుంచి అమలాపురానికి రావులపాలెం మీదుగా రావచ్చు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగి రావచ్చు. పని ఉంటే యానాం చుట్టి ఎదుర్లంక వంతెన మీదుగానూ రావచ్చు. దారులు మూడు, చేరే ఊరు ఒకటే. చదరంగంలోనూ వేర్వేరు వరసల్లో ఎత్తులు వేసి ఒకే స్థితికి చేరతారు. అందుకే దారుల లెక్క ఊళ్ళ లెక్క కంటే అన్ని రెట్లు ఎక్కువ. ఆటను తేల్చడానికి కావలసింది ఊళ్ళ లెక్కే. దాన్ని జాన్ ట్రాంప్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జాగ్రత్తగా అంచనా కట్టాడు: సుమారు 48 పక్కన 43 సున్నాలు.

ఆ సంఖ్య ఎంత పెద్దదో మాకు అర్థమయ్యే కొలతలో చెప్పండి.

ధాన్యంతో చెబుతాను. చదరంగం కనిపెట్టినవాడు మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున రాజును అడిగాడన్న పాత కథ అందరికీ తెలుసు. 64 గళ్ళకూ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకమే అనుకుందాం. వెయ్యి గింజలు ఇరవై గ్రాముల చొప్పున తూస్తే సుమారు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే ధాన్యం 80 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. అంటే భూమ్మీది రైతులందరూ నాలుగున్నర శతాబ్దాలకు పైగా పండించి, ఒక్క గింజ తినకుండా ఆ రాజుకు కొలవాలి.

ఆ రాశిలో ఉన్నన్ని గింజలు ఒక బస్తాలో పట్టాయనుకోండి. చదరంగం స్థితులకు గింజ చొప్పున పెట్టాలంటే అలాంటి బస్తాలు 26 పక్కన 24 సున్నాలు కావాలి. కథలో రాజు అమాయకుడు, మన లెక్క దగ్గర పడితే మూర్ఛపోయేవాడు.

ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లన్నీ కలిపి పెడితే?

సెకనుకు 100 కోట్ల స్థితులు చూసి తేల్చే యంత్రాలు పది లక్షలు ఉన్నాయనుకుందాం. కరెంటు పోదు, ఒక్కటీ చెడిపోదు, చూసిన స్థితిని మళ్ళీ చూడదు. అన్ని స్థితులూ పూర్తికావడానికి సుమారు 15 పక్కన 21 సున్నాలన్ని ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు. దానికి లక్ష కోట్ల రెట్లు. ఇది చూడటానికి పట్టే కాలం మాత్రమే, జవాబులు ఎక్కడ దాచాలో ఇంకా అడగలేదు.

అన్ని స్థితులూ చూడనక్కర్లేదట కదా? పనికిరాని ఎత్తులు వదిలేయవచ్చు కదా?

అరుగు మీద వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఇదే. అడిగినాయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయనకు చెప్పినట్టే చెబుతాను.

బొబ్బర్లంక లాకుల దగ్గర గేటు దించితే, ఆ కాలువ కింద ఎన్ని పిల్లకాలువలున్నా వాటిలో నీళ్ళ సంగతి ఆలోచించనక్కర్లేదు. చదరంగంలోనూ అంతే. నేను ఫలానా ఎత్తు వేస్తే ఎదుటివాడు నా మంత్రిని ఉచితంగా కొట్టేసి గెలుస్తాడని ఒక్క జవాబుతో తెలిసిపోతే, అతడి దగ్గర ఇంకా ముప్ఫై జవాబులున్నా నాకు అక్కర్లేదు. ఆ కాలువకు లాకు దించేయవచ్చు. ఇలా దించుకుంటూ పోతే పని విపరీతంగా తగ్గుతుంది. ప్రతిసారీ మంచి ఎత్తునే ముందు పట్టగలిగితే, పట్టాల్సిన దారులు మొత్తం దారుల సంఖ్యకు వర్గమూలం దగ్గరకు వస్తాయి.

అయితే ఒక మెలిక ఉంది. మంచి ఎత్తు ఏదో ముందే తెలిస్తే ఇక తేల్చడానికి ఏముంది? నిజంగా ఎంత తగ్గుతుందో చూడటానికి, చదరంగం బల్ల మీదే బిళ్ళలతో ఆడే, ఇప్పటికే తేలిపోయిన చెకర్స్ ఆట మనకు దొరికిన కొలబద్ద. అందులో స్థితులు సుమారు 5 పక్కన 20 సున్నాలు. రుజువు కోసం చేసిన లెక్కలు సుమారు 1 పక్కన 14 సున్నాలు. అంటే సున్నాల్లో మూడింట రెండు వంతులు మిగిలాయి. అదే పాళ్ళు చదరంగానికి వేస్తే 44 సున్నాలు దాదాపు 30 అవుతాయి. సెకనుకు 100 కోట్ల స్థితులు చూసే పది లక్షల యంత్రాలకు అది మూడు కోట్ల ఏళ్ళ పని. ఇది నా చేతిలెక్క, ఎవరి సిద్ధాంతమూ కాదు. ఒక ఆట పాళ్ళు ఇంకో ఆటకు సరిగ్గా అతుకుతాయన్న హామీ లేదు. కానీ 'విశ్వం వయసుకు లక్ష కోట్ల రెట్లు' నుంచి 'మూడు కోట్ల ఏళ్ళు' దాకా దిగివచ్చాం. అసాధ్యం అనే మాటను నేను ఆచితూచి వాడేది ఇందుకే.

క్వాంటం కంప్యూటర్ వస్తే చిటికెలో అయిపోతుందట?

చిటికెలో కాదు. గ్రోవర్ పద్ధతి అనే క్వాంటం వెతుకులాట, కోటి వస్తువుల్లో ఒకదాన్ని పట్టుకోవడానికి కోటి సార్లు కాకుండా సుమారు మూడు వేల సార్లు చూస్తే సరిపోయేలా చేస్తుంది, అంటే వర్గమూలం. అది గొప్ప లాభమే. కానీ అది 44 సున్నాలను మహా అయితే 22 చేస్తుంది, సున్నా చేయదు. ఆ పని అన్ని అడుగులు తప్పు లేకుండా నడవగల యంత్రం ఇప్పుడు ఎక్కడా లేదు.

లెక్కల మాస్టారు ఎవరైనా సూత్రం కనిపెట్టవచ్చు కదా?

కొన్ని ఆటలకు అలా దొరికింది. కుప్పల్లోంచి పుల్లలు తీసే నిమ్ ఆటకు 1901లో చార్లెస్ బౌటన్ సూత్రం ఇచ్చాడు. కాగితం మీద రెండు నిమిషాల్లో ఎవరు గెలుస్తారో చెప్పేయవచ్చు.

చదరంగం అంత మెత్తనిది కాదు. బల్లను ఎంత పెద్దదైనా చేయవచ్చనుకుంటే, దాన్ని తేల్చే పని బల్లతో పాటు ఘాతాంక వేగంతో పెరిగి తీరుతుందని 1981లో ఫ్రాంకెల్, లిక్టెన్‌స్టైన్ నిరూపించారు. మన బల్ల ఎనిమిది గళ్ళ దగ్గరే ఆగింది కాబట్టి ఆ రుజువు మనకు తలుపు మూసేయదు. కానీ ఒక్కో బంటు, ఒక్కో గడి తేడాతో ఫలితం తలకిందులయ్యే ఆటకు పొట్టి సూత్రం ఉంటుందని నేను పందెం కట్టను.

## తేలిన ఆటలు, తేలిన ముక్కలు

ఇప్పటిదాకా ఏ ఆటలు తేలాయి? మన ఆటలు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఆ మాట చెబితే పెద్దవాళ్ళ ముఖాలు వెలుగుతాయి. గుడి మెట్ల మీద, మండపాల రాతి పలకల మీద మూడు చతురస్రాలు చెక్కి ఉంటాయి చూడండి, ఆ దాడి ఆట. తొమ్మిదేసి పావులతో ఆడే ఆ ఆటను పాశ్చాత్య నియమాలతో రాల్ఫ్ గాసర్ 1993లో తేల్చాడు: ఇద్దరూ సరిగ్గా ఆడితే డ్రా.

మన వామనగుంటలకు ఆఫ్రికాలో చుట్టాలున్నారు. వాటిలో ఒకటి అవారీ: వైపుకు ఆరు గుంటలు, మొత్తం 48 గింజలు. 2002లో జాన్ రోమైన్, హెన్రీ బాల్ దాని స్థితులన్నిటినీ, సుమారు 88,900 కోట్లు, ఒక్కటీ వదలకుండా లెక్కగట్టారు. అదీ డ్రాయే. మనవాళ్ళు వైపుకు ఏడు గుంటలతో, వేరే నియమాలతో ఆడతారు. కాబట్టి మా అమ్మమ్మ ఆట తేలిపోయిందని ఎవరూ దిగులుపడనక్కర్లేదు.

నిలువుగా బిళ్ళలు జారవిడిచి నాలుగు వరసగా పేర్చే కనెక్ట్ ఫోర్ 1988లో తేలింది. మధ్య వరసలో మొదలుపెట్టినవాడిదే గెలుపు. పావులన్నీ పోగొట్టుకున్నవాడే గెలిచే తలకిందుల చదరంగం కూడా 2016లో మార్క్ వాట్కిన్స్ చేతిలో తేలింది. తెల్లవాడు రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపితే గెలుపు అతడిదే.

చెకర్స్ తేల్చడానికి పద్దెనిమిదేళ్ళు పట్టిందట, ఎందుకంత?

కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జోనథన్ షేఫర్ 1989లో మొదలుపెట్టాడు. మొదట అతడి ఆశ అంత పెద్దది కాదు. దశాబ్దాల పాటు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ ఆటలు మాత్రమే ఓడిన మేరియన్ టిన్స్లీని ఓడించే ప్రోగ్రామ్ రాయాలన్నదే కోరిక. దానికి చినూక్ అని పేరు పెట్టాడు. 1992లో టిన్స్లీయే గెలిచాడు. 1994లో మళ్ళీ తలపడినప్పుడు మొదటి ఆటలన్నీ డ్రా అయ్యాక టిన్స్లీ అనారోగ్యంతో తప్పుకున్నాడు, మరుసటి ఏడాదే చనిపోయాడు.

ఇక మనిషితో తేల్చుకునే అవకాశం పోయింది. నువ్వు టిన్స్లీని నిజంగా ఓడించలేదు కదా అనే మాట మాత్రం మిగిలింది. దానికి జవాబు ఒక్కటే: చినూక్‌ను ఎవరూ ఓడించలేరని రుజువు చేయడం. పది పావులు మిగిలిన స్థితుల దాకా వెనుక నుంచి పట్టికలు కట్టాడు, ముందు నుంచి వెతుకుతూ వచ్చాడు, 2007లో రెండూ మధ్యలో కలిశాయి. ఫలితం డ్రా. చదరంగం కంటే చెకర్స్ స్థితుల సంఖ్య ఇరవై నాలుగు సున్నాలు తక్కువ. ఆ మాత్రం ఆటకే ఒక మనిషి ఉద్యోగ జీవితంలో సగం పోయింది.

చదరంగంలో అసలు ఏమీ తేలలేదా?

చివరి భాగం తేలింది. రాజులతో కలిపి బల్ల మీద ఏడు పావులు మిగిలాయంటే, సరైన ఫలితం పట్టికలో ఉంది. ఇందులో ఊహ లేదు.

ఈ పట్టికలు కట్టే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ధవళేశ్వరం నుంచి కిందికి కాకుండా, అంతర్వేది దగ్గర సముద్రం నుంచి ఎగువకు నడవడం. మొదట ఆట కట్టిన స్థితులన్నీ రాసుకుంటారు. తర్వాత ఒక్క ఎత్తులో అక్కడికి చేరగల స్థితులు, తర్వాత రెండు ఎత్తుల్లో చేరగలవి, ఇలా వెనక్కి. ఎటూ చేరకుండా మిగిలిపోయినవి డ్రా. 1980లలో కెన్ థామ్సన్ నాలుగైదు పావులతో ఈ దారి వేశాడు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయం లొమొనోసోవ్ యంత్రం మీద ఏడు పావుల పట్టిక పూర్తయింది, సైజు 140 టెరాబైట్లు. 2018కల్లా సిజిజీ పట్టికలు అదే పనిని 20 టెరాబైట్ల లోపు కుదించాయి. అందులోని స్థితులు సుమారు 424 లక్షల కోట్లు.

ఏడయ్యాయి, ఎనిమిది, తొమ్మిది అంటూ ఏదో ఒక రోజు 32 చేరతాం కదా?

సిజిజీ పట్టికల్లో ఐదు పావుల వరకు దాదాపు 1 గిగాబైట్, పాత ఫోన్లో పడుతుంది. ఆరు వరకు సుమారు 150 గిగాబైట్లు. ఏడు అయ్యేసరికి దానికి వంద రెట్లకు పైగా. ఒక్క పావు కలిస్తే వంద రెట్లు పెరిగే మెట్లు ఇంకా ఇరవై ఐదు ఉన్నాయి. ఎనిమిదో మెట్టు ఎక్కుతారు, తొమ్మిదోది కూడా మన పిల్లలు చూస్తారేమో. ఈ దారిన 32 మాత్రం చేరరు.

ఆ పట్టికలు పెద్దల నమ్మకాలను తప్పని చూపించాయా?

చూపించాయి, సిగ్గుపడేంతగా. రెండు శకట్లు ఉన్నవాడు ఒంటరి గుర్రాన్ని ఓడించలేడని పుస్తకాలన్నీ రాశాయి. 1851లో క్లింగ్, హార్విట్జ్ చూపించిన ఒక కోటలో గుర్రం దాక్కుంటే ఏమీ చేయలేమని అందరూ ఒప్పుకున్నారు. 1983లో థామ్సన్ పట్టిక వచ్చి, ఆ కోట పగులుతుందని, గెలుపు ఖాయమని చూపింది. కాకపోతే కొన్నిచోట్ల 66 ఎత్తులు పడుతుంది. 132 ఏళ్ళ పాటు గొప్ప గొప్ప ఆటగాళ్ళందరూ ఒకే తప్పు చదివారు.

ఏడు పావుల్లో ఇంకా విడ్డూరం ఉంది. ఒక స్థితిలో గెలిచే వైపు 549 ఎత్తులు వేస్తే గానీ ఆట కట్టదు. మొదటి నాలుగు వందల ఎత్తుల్లో ఏం జరుగుతోందో గ్రాండ్‌మాస్టర్లకు కూడా అర్థం కాదు. పోటీలో అయితే ఏ పావూ చావకుండా, ఏ బంటూ కదలకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగవచ్చు కాబట్టి ఆ గెలుపు కాగితం మీదే మిగిలిపోతుంది.

## ఫలితం మీద పందేలు

తేలిస్తే తెల్లదే గెలుపు కదా? మొదటి ఎత్తు దానిదే కదా?

మనుషుల పోటీల్లో తెల్లవైపుకు వచ్చే పాయింట్లు నూటికి 54, 55 దాకా ఉంటాయి. అది మొదటి ఎత్తు ఇచ్చిన చొరవ. కానీ చొరవ వేరు, గెలుపు వేరు. ఆడేవాళ్ళ బలం పెరిగే కొద్దీ ఆ తేడా గెలుపుగా మారడం తగ్గి, డ్రాలు పెరుగుతాయి. యంత్రాల సాయంతో ఆడే ఉత్తరాల చదరంగంలో, పై స్థాయి పోటీల్లో దాదాపు అన్నీ డ్రాలే. యంత్రాల మధ్య పోటీలు పెట్టేవాళ్ళు మామూలు ఆరంభం నుంచి ఆడిస్తే ఫలితం రాదని, కావాలనే ఒకవైపుకు ఒరిగిన ఆరంభాలు ఇచ్చి ఆడిస్తారు.

కాబట్టి నా పందెం డ్రా మీదే. రుజువు అడిగితే నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.

నల్లది గెలిచే అవకాశం అసలు లేదా?

లేదని ఎవరూ నిరూపించలేదు. ఏ ఎత్తు వేసినా నష్టమే, వేయకుండా ఉండటానికి లేదు అనే ఇరకాటం చదరంగంలో చివరి దశలో తరచుగా వస్తుంది. ఆరంభ స్థితే అలాంటి ఇరకాటమై ఉంటే తెల్లవాడు ఓడిపోవాలి. నమ్మను గానీ, నవ్వి కొట్టిపారేయను.

ఫోన్లో యంత్రం 0.3 అని చూపిస్తుంది, అది ఏమిటి మరి?

తెల్లవైపు బంటులో మూడో వంతు మెరుగ్గా ఉందని దాని అంచనా. సంత బేరంలో వేసే ధర లాంటిది, తూకం కాదు. పావులు ఏడుకు తగ్గాక పట్టిక చూసి చెప్పేది మాత్రం తూకం. తేలిన ఆటలో 0.3 అనే మాట ఉండదు. గెలుపు, ఓటమి, డ్రా, అంతే.

## పిల్లలను పంపే తల్లిదండ్రులు అడిగేవి

ఇంకో పదేళ్ళలో ఆట అయిపోతుందట, ఇప్పుడు నేర్పించడం దండగ కాదా?

పదేళ్ళలో అయిపోదు. ఒకవేళ రేపే తేలిపోయినా మీ అమ్మాయి ఎదురుగా కూర్చునేది పట్టిక కాదు, ఇంకో పిల్ల.

2024 డిసెంబరులో సింగపూర్‌లో మన తెలుగు కుటుంబం పిల్లవాడు గుకేశ్ పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు కదా, ఎలా అయ్యాడో గుర్తు చేసుకోండి. పద్నాలుగో ఆట, చివరిది. ఇద్దరికీ ఏనుగు, శకటు, కొన్ని బంట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా అయ్యే స్థితి. చూస్తున్న యంత్రాలన్నిటికీ ఆ సంగతి తెలుసు. అప్పటి ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును రాకూడని గడికి తెచ్చాడు. గంటల తరబడి ఒత్తిడిలో కూర్చున్నవాడికి ఆ యంత్రాలకు తెలిసినది ఏ సాయమూ చేయలేదు.

డ్రాలే ఎక్కువైపోయి ఆట చచ్చిపోతోందంటారు?

2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 అసలు ఆటలూ డ్రా అయ్యాయి, నిజమే. కానీ 1984–85లో కార్పోవ్, కాస్పరోవ్ ఆడిన 48 ఆటల్లో 40 డ్రా. అప్పుడు ఏ ఇంటి కంప్యూటరూ వాళ్ళకు నేర్పగల స్థితిలో లేదు. పై మెట్టు మీద ఉన్న రోగాన్ని మా ఆదివారం తరగతికి అంటగట్టకండి. అక్కడ డ్రా అయితే నేనే జిలేబీ పెట్టిస్తాను, అంత అరుదు.

వెనుక వరస పావులను కలిపేసి పెట్టే ఆట సంగతేమిటి?

ఆరంభ స్థితులు 960, మామూలు చదరంగం వాటిలో ఒకటి. ఒకటి తేల్చితే మిగతా 959 అలాగే మిగిలి ఉంటాయి. ఆరంభాలు బట్టీపట్టడం ఇష్టంలేని పిల్లలకు మంచిది.

తేలిన రోజున జవాబంతా బట్టీపట్టేస్తే మా వాడు ఓడిపోడు కదా?

ఏడు పావుల పట్టికే ఇరవై టెరాబైట్ల దగ్గర ఉంది. మీ వాడికి ఎక్కం పదిహేను దాకా వచ్చా?

ఫలానా వీడియోలో చదరంగాన్ని తేల్చేశారని చెప్పారు, నమ్మవచ్చా?

మూడు అడగండి. తేల్చింది ఏ రకంగా: ఫలితమా, ఆరంభం నుంచి ఆడే దారా, అన్ని స్థితులా? రుజువును ఇంకొకరు తమ యంత్రం మీద సరిచూడగలరా? అది మామూలు ఎనిమిది గళ్ళ ఆటేనా, చిన్న బల్ల మీదిదా? ఐదు గళ్ళ బల్ల మీద ఆడే బుల్లి చదరంగం ఒకటి 2013లో డ్రాగా తేలింది. ఇలాంటి వార్తల్లోంచి ఆ 'బుల్లి' అనే మాట రాలిపోయి మన దగ్గరకు చేరుతుంటుంది.

2012లో ఒక పేరున్న చదరంగం వార్తా సైటులో, రాజుపక్క బంటును బలి ఇచ్చే కింగ్స్ గాంబిట్ ఆరంభాన్ని మూడు వేల ప్రాసెసర్లతో పూర్తిగా తేల్చేశారని పెద్ద ఇంటర్వ్యూ వచ్చింది. తెల్లవాడికి డ్రా తెచ్చే మూడో ఎత్తు ఒక్కటేనని, అది శకటును రాజు ముందున్న గడిలో పెట్టడమేనని వివరంగా రాశారు. చాలామంది బలమైన ఆటగాళ్ళు నమ్మారు. రెండు రోజుల తర్వాత అదంతా ఏప్రిల్ ఫూల్ అని వాళ్ళే ఒప్పుకున్నారు. నేను కూడా ఆ శకటు ఎత్తును ఆ వారం రెండు ఆటల్లో వేశాను, రెండూ ఓడిపోయాను.